ఆదెప్ప ఆనుకున్న గోడ

తొట్టిలో వేసిన ఇటుక నీళ్ళు తాగేటప్పుడు బుడబుడమని చిన్న చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు ఆగితే దాని కడుపు నిండినట్టు. శెనక్కాయ పొట్టుతో కాల్చిన ఇటుకలు అవి. పైకి ఎర్రగా కనబడతాయి గాని లోపల గుల్ల. ఎన్ని నీళ్ళు పోసినా తాగుతూనే ఉంటాయి. రాప్తాడు దోవలో, ఊరికి దూరంగా కడుతున్న ఆడపిల్లల హాస్టలుకు నీళ్ళు ఎద్దులబండి మీద పీపాల్లో రావాలి. అందుకని మారెక్క ఒక్కొక్క ఇటుకనూ చప్పుడు ఆగిన మరుక్షణం పైకి తీసి, కారే చుక్కలు మళ్ళీ తొట్టిలోనే పడేటట్టు అంచు మీద నిలబెడుతూ ఉంది.

జీపు వచ్చి ఆగింది. కొత్తగా బదిలీ మీద వచ్చిన ఇంజనీరు తిప్పేస్వామి దిగి, పని ఆపి అందరినీ పిలవమన్నాడు. ఆడవాళ్ళను కూడా. మామూలుగా ఇంజనీర్లు మేస్త్రీతో మాట్లాడి పోతారు, మేస్త్రీ చెప్పింది మిగతావాళ్ళు చేస్తారు. ఈయన విడపనకల్లు పక్క మనిషి. మాటలో కన్నడం దొర్లుతుంది, చొక్కా చేతులు పైకి మడిచి ఉంటాయి. ఇసుక జల్లించే జల్లెడ ఒకటి తెమ్మని, దాని వల ఊడదీయించాడు. చెక్క చట్రం మిగిలింది. ఆ చట్రాన్ని నేల మీద నిలబెట్టించి, నడుమ సందు లేకుండా ఇటుకలు పేర్చమన్నాడు. తాపీపనివాడు కుళ్ళాయప్ప పేర్చాడు. ఎంత బిగువుగా పేర్చాడంటే కడపటి ఇటుకను సుత్తితో తట్టి దూర్చాల్సి వచ్చింది.

పోయిన మార్గశిరంలో పడమట దిక్కున, కొయినాలో, భూమి అదిరి ఊళ్ళు కూలిన సంగతి అందరూ విన్నదే. ఆ తెల్లవారుజామున ఇక్కడ కూడా తమ ఇళ్ళల్లో సత్తు గిన్నెలు గలగలలాడాయని కొందరు చెప్పుకున్నారు. ఇంజనీరు ఆ సంగతి ఎత్తి, చట్రం రెండు పక్కలా పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. రెండో ఊపుకే ఇటుకలన్నీ ఒక్క పలకగా ముందుకు వాలి దబ్బున పడ్డాయి. చట్రం చెక్కుచెదరకుండా ఆయన చేతుల్లో ఉంది.

"స్తంభాలూ దూలాలూ ఒకదాన్నొకటి పట్టుకోని ఉంటాయి. అవి ఊగుతాయి, మళ్ళా నిలబడతాయి. వాటికేమీ కాదు. నడుమ మనం కట్టే అడ్డగోడ ఉండాది చూడు, అదే మనిషిని చంపేది," అన్నాడు.

మళ్ళీ పేర్పించాడు. ఈసారి చట్రానికీ ఇటుకలకూ నడుమ చుట్టూరా వేలెడు సందు వదిలి, అందులో గోనెపట్ట ముక్కలు కూరించాడు. తల దగ్గర ఇటువైపొక కట్టె, అటువైపొక కట్టె చట్రానికి కట్టించాడు. ఊపితే ఇటుకలు గలగలలాడాయి గాని ఒక్కటి కూడా పడలేదు. ఈ హాస్టల్లో ప్రతి అడ్డగోడా ఇట్లాగే ఉండాలన్నాడు. స్తంభానికీ గోడకూ నడుమ సందు, సందులో తారులో ముంచిన గోనెపట్ట. పైన దూలానికి బోల్టులతో బిగించిన ఇనుప యాంగిలు ముక్కలు, గోడ తలను రెండు పక్కలా పట్టుకునేటట్టు. గోడ కదలొచ్చు, వాలకూడదు.

ఆదెప్ప మేస్త్రీ అంతసేపూ వెనక గోడకు వీపు ఆనించి, ఒక కాలు మడిచి పాదం గోడకు తన్నిపెట్టి, బీడీ తాగుతూ విన్నాడు. అది ఆయన అలవాటు. ఏ ఆఫీసరు వచ్చినా తన మనుషులు కట్టిన గోడకు అట్లా వీపు ఆనించి నిలబడతాడు. కంట్రాక్టరు బళ్ళారిలో ఉంటాడు, నెలకొకసారి మొహం చూపిస్తాడు. ఇక్కడ పనిలో పెట్టేదీ తీసేసేదీ ఆదెప్పే.

"సార్, సందు పెడితే తేళ్ళు కాపురం పెడతాయి. నా గోడలో చీమ గూడా దూరదు," అన్నాడు ఆదెప్ప. కుళ్ళాయప్ప తల ఊపాడు. గోడను దూలం కిందికి బిగించి కొట్టడం తాపీపనివాళ్ళకు పరువు. సందు కనిపిస్తే చేతగానివాడి పని అంటారు.

మారెక్క వాళ్ళ మాటలు వినలేదు. కింద పడి ఉన్న ఇటుకలకేసి చూస్తూ ఉంది. పామిడి దోవలో శెనక్కాయల గోడౌను, వెనక్కి వచ్చిన లారీ, లారీ తోక తగిలిన స్తంభం. స్తంభం మీద గీత కూడా పడలేదు. ఆదెప్ప కట్టించిన ఆ పక్క అడ్డగోడ మాత్రం ఇట్లాగే, ఒక్క పలకగా, ఆమె చెల్లెలు చిన్నక్క మీద పడింది. దుమ్ము తగ్గకముందే ఆదెప్ప అన్న మాట ఊరంతా తిరిగింది. పచ్చి గోడకు ఆనుకున్నది, వద్దని నెత్తీనోరూ కొట్టుకున్నా వినలేదు. లారీ సంగతి మారెక్క ఎంత మొత్తుకున్నా, స్తంభం చూపించి నవ్వారు.

"సారూ," అంది మారెక్క. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "భూమే అదరాల్నా? లారీ తగిలినా ఇట్లే పడుతుందా?"

"లారీ తగిలినా అంతేనమ్మా. స్తంభం కదిలితే చాలు."

గోడకు తన్నిపెట్టిన ఆదెప్ప పాదం నేల మీదికి దిగింది. చిన్నక్క మొగుడు బసప్ప గుంపులో వెనక, పారకు గడ్డం ఆనించి నిలబడి ఉన్నాడు. మారెక్క అతనికేసి చూసింది. అతను పార మొన కేసి చూసుకున్నాడు.

"లారీలు ఎవురు తగిలిస్తార్లే. పాండి, పనికి పాండి," అన్నాడు ఆదెప్ప.

కింది అంతస్తు పని ఇంజనీరు ఎదుటే జరిగింది. స్తంభాల పక్కన సందుల్లో గోనెపట్ట కూరడం ఆడవాళ్ళ వంతు, వాళ్ళ వేళ్ళు సన్నం కాబట్టి. పొయ్యి మీద తారు కాగుతూ ఉంటే గోనెపట్టను కట్టెతో ముంచి, పైకి తీసి, జారుతున్నదాన్ని చుట్టి, చల్లారకముందే సందులోకి తొయ్యాలి. తారు అంటిన వేళ్ళతో అన్నం తింటే రెండు రోజుల దాకా అన్నంలో అదే వాసన. మారెక్క విసుక్కోలేదు. ప్రతి సందులోనూ పట్టను వేలితో అదిమి, లోపల గట్టి ముక్క ఏదీ లేదని తడిమి చూసుకుని కదిలింది. కింద దూలాలకు పోత పోసేటప్పుడే బోల్టులు వదిలిపెట్టారు. యాంగిలు ముక్కలు వాటికి ఎక్కించి కుళ్ళాయప్ప పానాతో బిగించాడు. ఇంజనీరు ఒక్కొక్కదాన్నీ పట్టుకుని గుంజి చూశాడు.

పై అంతస్తుది వేరే కథ. ఇంజనీరు రాకముందే అక్కడ దూలాలు పోశారు, వాటిలో బోల్టులు లేవు. ఆరిన కాంక్రీటుకు ఉలితో, సుత్తితో, తల పైకెత్తి, కంట్లో దుమ్ము పడుతుంటే బెజ్జాలు కొట్టాలి. ఒక్క బెజ్జానికి ఒక పూట. రెండు గోడలకు కొట్టారు. మూలగదికీ దాని పక్క గదికీ నడుమ ఉన్న పొడుగు గోడ మిగిలింది. అదే అన్నిటికంటే పెద్దది. ఉగాదికి మంత్రి వచ్చి హాస్టలు తెరుస్తాడని బళ్ళారి నుంచి కబురు మీద కబురు వస్తూ ఉంది.

ఆ మధ్యాహ్నం అందరూ కానుగ చెట్ల కిందికి సంగటి తినడానికి పోయినాక ఆదెప్ప మారెక్కను పైకి పిలిచాడు.

"మారెక్కా, రోంత సిమెంటు నీళ్ళల్లో కలిపి తే. ఇసుక వెయ్యొద్దు. అంబలి మాదిరి ఉండల్ల."

బాండ్లిలో కలిపి తీసుకుపోయింది. గోడ పక్కన కట్టెలతో కట్టిన సారువ మీద కుళ్ళాయప్ప కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో యాంగిలు ముక్కలు. పలక మీద బోల్టు తలకాయలు, తలకాయలు మాత్రమే, మెడ దగ్గర రంపంతో కోసినవి. సిమెంటు అంబలి పూసి యాంగిలును దూలానికి అతికించి, బెజ్జం మీద బోల్టు తలకాయ అతికిస్తే, కింద నుంచి చూసేవాడికి బిగించినట్టే ఉంటుంది. పక్క సందుల్లో గోనెపట్ట కూడా లేదు. ఇటుక పెళ్ళలూ, సిమెంటూ ఇసుకా కలిపిన మాలూ దట్టించి, పైపైన తారు పూశారు.

కుళ్ళాయప్పకు మనసొప్పలేదు. ఆడపిల్లలు పడుకునే గది కదా మేస్త్రీ అని నసిగాడు.

"ఏమప్పా, నీ తాత కట్టిన గోడలకు యాంగిళ్ళు ఉండెనా? నిలబడలేదా? బిగించి కొట్టినావు, అది యాడికీ పోదు. రంగు పడినాక దేవుడు గూడా చూడలేడు. కానీ."

మారెక్క బాండ్లి ఎత్తి పట్టుకుని నిలబడింది, కుళ్ళాయప్ప తాపీతో అందులోంచి తీసుకుంటూ ఉన్నాడు. ఆమె ఎదుట ఈ పని చేయడానికి ఆదెప్పకు ఏ సంకోచమూ లేదు. మాలు మోసే ఆడది ఉన్నా, మాలు కుప్ప ఉన్నా ఒకటే ఆయనకు. పైగా చెల్లెలు చచ్చినాక కూడా అక్కను పనిలోంచి తీసెయ్యలేదు, చెల్లెలి మొగుణ్ణి నీళ్ళబండి మీద పెట్టాడు. ఆ మేలు తలుచుకుని పడి ఉంటారని ఆయన లెక్క.

అతికిన యాంగిళ్ళను ఆమె కింద నుంచి చూసింది. ఆ గోడౌను గోడ పైన ఇవి కూడా లేవు. ఇంజనీరుకు చెబితే? చెబితే ఊడదీయిస్తాడు. ఆదెప్ప ఈ కుళ్ళాయప్పను నాలుగు తిడతాడు, తనకు తెలీకుండా చేసినాడంటాడు. మళ్ళీ కట్టిస్తాడు, మళ్ళీ ఆ కొత్త గోడకే వీపు ఆనించి బీడీ ముట్టిస్తాడు. అంతే కదా. చిన్నక్క ఆనుకున్న మనిషిగానే మిగిలిపోతుంది.

బీడీ అనుకోగానే మారెక్క యాంగిళ్ళ మీది నుంచి చూపు గోడ మీదికి దింపింది. ఆయన ఈ గోడకు కూడా ఆనుకుంటాడు. తప్పకుండా ఆనుకుంటాడు.

సాయంత్రం ఇంటిదోవ పట్టినప్పుడు బసప్ప కలిశాడు. బండి విప్పి, ఎద్దులకు తొట్లో మిగిలిన మురికినీళ్ళు తాపి వస్తున్నాడు. చేలల్లో ఎండిన శెనక్కాయ తీగ తప్ప ఏమీ లేదు. జల్లెడ చూసినావు కదా, లారీ తగిలినా అంతే అని సారు చెప్పినాడు కదా అని మారెక్కే అడిగింది.

బసప్ప తలగుడ్డ తీసి దులిపాడు. "వదినా, చచ్చిన మనిషి యాడన్నా తిరిగొస్తుందా? మేస్త్రీ చూసినానని చెప్పినాడు. ఆమె ఇంట్లో గూడా దేనికో ఒకదానికి ఆనుకోకుండా కూచునేది కాదు. నీకు తెల్దా?"

"తెలుసు," అంది మారెక్క. చెల్లెలు పొయ్యి ముందర గోడకు జారగిలబడి, కాళ్ళు చాపి, బసప్ప కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం ఆమెకూ తెలుసు. ఇంటి గోడకు వీపు పెట్టిన పాపానికి, బయట ఏ గోడ పడినా తప్పు దానిదే అయింది.

గోడలు పరీక్ష చేసే రోజు వచ్చింది. పరీక్ష ఇంజనీరు పెట్టిందే. సారువ పలకల మీద మనుషులు నిలబడి, మొనకు గోనెపట్ట చుట్టిన సర్వి దుంగను గోడ తల దగ్గర ఆనించి, అందరూ ఒక్కసారిగా తొయ్యాలి. తలను యాంగిళ్ళు పట్టుకుని ఉంటే గోడ మూలిగి ఊరుకుంటుంది.

ఇట్లాంటి బరువుపనికి ఈ గుంపులో ఒక పద్ధతి ఉంది. మేస్త్రీ చెబితే ఎవరూ తొయ్యరు, లాగరు. ఒక ఆడమనిషి పదం పలుకుతుంది. ఆమె పదం చివర అందరూ "ఐసా" అంటారు, ఆ "ఐసా" మీదే బలం పడుతుంది. పదం ముగియకముందు బలం పెట్టినవాణ్ణి పక్కకు లాగేస్తారు, చేతులు నలిగేది అట్లాంటప్పుడే. పదం గట్టిగా పలికితే ఒళ్ళంతా దుంగ మీదికి పోతుంది. సాగదీసి మెత్తగా పలికితే చేతులు ఆనించి ఊరుకుంటారు. ఇదివరకు చిన్నక్క పలికేది. ఇప్పుడు మారెక్క.

పొద్దున్నే ఆదెప్ప తొట్టి దగ్గరికి వచ్చాడు. చేతిలో బీడీకట్ట, మొహాన నవ్వు.

"మారెక్కా, కింద గోడలకు గట్టిగా పలుకు. సారు కళ్ళు చల్లబడల్ల. పైన ఆ పొడుగు గోడకు వచ్చేతలికి మెత్తగా పలుకు. పచ్చి ఆరలేదింకా. తెలిసిందా?"

"తెలిసింది మేస్త్రీ."

"నువ్వు తెలివైనదానివి. మీ చెల్లెలి మాదిరి కాదు."

ఆయన పోయినాక మారెక్క తొట్టిలో చేతులు పెట్టి అట్లాగే ఉంచింది. తన ప్రాణాన్ని ఆయనే తెచ్చి ఆమె నోట్లో పెట్టి పోయాడు. ఒక్క మాట గట్టిగా అనడమే. తోసేవాళ్ళకు ఏమీ తెలియదు, పదం ఎట్లా వస్తే అట్లా తోస్తారు. ఆమెను ఎవరడుగుతారు? పొద్దున్నుంచీ ఎట్లా పలికిందో అట్లాగే పలికింది. చిన్నక్క మీద పడినట్టే ఒక్క పలకగా పడుతుంది. బీడీ నోట్లోనే ఉంటుంది.

కింద పరీక్షలు పొద్దెక్కేసరికి ముగిశాయి. పదం పలికే మనిషి వాకిలి దగ్గర నిలబడాలి, అక్కడైతే గోడ రెండు పక్కలూ కనబడతాయి. ఒక పక్క సారువ మీద బసప్పా, కుళ్ళాయప్పా, మిగతావాళ్ళూ. రెండో పక్క ఆదెప్ప, గోడకు వీపు ఆనించి, కాలు మడిచి, బీడీతో. మొదటి గోడ దగ్గరే ఇంజనీరు వద్దన్నాడు, పక్కకు రమ్మన్నాడు. నా గోడ మీద నాకు నమ్మకం లేకపోతే ఎవరికి ఉంటుంది సార్ అని ఆదెప్ప నవ్వాడు. మారెక్క గట్టిగా పలికింది. ఐసా అన్నారు, దుంగ మూలిగింది, గోడ తల యాంగిళ్ళ నడుమ చిన్నగా కిరకిరలాడి ఊరుకుంది. ఆదెప్ప వీపు కదల్లేదు. రెండో గోడకూ, మూడో గోడకూ అంతే. ఇంజనీరు మొహం విచ్చుకుంది.

సారువ విప్పి పైన కట్టేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. బెజ్జాలు కొట్టిన రెండు గోడలూ నిలబడ్డాయి. పొడుగు గోడ మిగిలింది. ఇంజనీరు అలిసిపోయి ఉన్నాడు, కిటికీ పక్కన నిలబడి చేతిగుడ్డతో మెడ తుడుచుకుంటున్నాడు. ఇదొక్కటే కదా సార్, అన్నీ ఒక్క చేతివే, తొందరగా కానిచ్చేస్తామని ఆదెప్ప ఆయన్ను మాటల్లో పెట్టాడు. పోయి మూలగదిలో గోడకు వీపు ఆనించాడు. బీడీ ముట్టించాడు. మారెక్క కేసి చూసి కనుబొమలు కొంచెం ఎత్తాడు. మెత్తగా, అని.

మారెక్క వాకిట్లో నిలబడింది. ఎడమ పక్క దుంగ, దుంగ కొనన బసప్ప భుజం. కుడి పక్క ఆదెప్ప. ఆయన తల పైన, దూలం కింద, అతికించిన యాంగిళ్ళు. ఊపిరి పీల్చుకుంది. పదం గొంతు దాకా వచ్చింది.

బసప్ప తలగుడ్డ గట్టిగా బిగించుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, ఆమె నోటి కేసి చూస్తున్నాడు.

గోడ పడుతుంది. పడినాక ఏమంటారు? అప్పటికప్పుడు ఎవరో ఒకరు అంటారు. కూలోళ్ళు తోసెయ్యడం తెలీక తోసేసినారని. ముందర నిలబడిందెవురు, బసప్ప. ఆదెప్పను పూలేసి మోసుకుపోతారు. మంచి మేస్త్రీ, తన గోడకు తానే వీపు పెట్టిన మొగోడు అంటారు. చిన్నక్క మాత్రం ఎప్పటికీ ఆనుకున్న పిచ్చిదే. ఆ యాంగిళ్ళు అతికించినవని తెలిసిన మనిషి, గోడౌనులో అవీ పెట్టలేదని తెలిసిన మనిషి, ఆ గోడ కింద మెత్తగా, నిజం ఏదీ చెప్పకుండా చచ్చిపోతాడు.

అంత సులువుగానా?

పీల్చుకున్న ఊపిరిని మారెక్క వదిలేసింది. పదం రాలేదు. దుంగ మీద చేతులు అట్లాగే ఉన్నాయి. ఒకరిద్దరు తలలు తిప్పి చూశారు.

"ఏమే, పలకవేం?" అన్నాడు ఆదెప్ప.

"నా గొంతు పోయింది మేస్త్రీ. ఈ గోడకు మీరు పలకండి."

ఎవరో నవ్వారు. మగవాడు పదం పలకడం ఈ గుంపులో ఎవరూ ఎరగరు. ఆదెప్ప కూడా నవ్వబోయాడు.

"ఆడ నిలబడే పలకండి," అంది మారెక్క. ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు. "మీ గోడ, మీ వీపు. పొద్దన్నుంచి నేను ఎట్ల పలికితినో అట్లే, గట్టిగా. మెత్తగా వద్దు."

ఆదెప్ప నోట్లో బీడీ ఆగిపోయింది. ఆమె మొహంలోకి చూశాడు. బాండ్లి ఎత్తి పట్టుకున్న మనిషిని ఆయన మొదటిసారి చూస్తున్నట్టు ఉంది. కిటికీ దగ్గర ఇంజనీరు చేతిగుడ్డ మెడ మీదే ఉండిపోయింది. "పలకండి మేస్త్రీ, తొందరగా పోదాం," అన్నాడాయన వాకిలి దగ్గరికి వస్తూ, మామూలుగా.

"ఎందుకు సార్, ఆడదానికి పొగరు... బసప్పా, నువ్వు కానీ, రోంత ఆనించి వదిలేయ్."

బసప్ప కదల్లేదు. పదం లేకుండా బలం పెట్టడం అతనికి రాదు. "పలుకు మేస్త్రీ," అన్నాడు అతను కూడా. అతనికి ఏ అనుమానమూ లేదు. ఎండలో చేతులు ఎత్తి పట్టుకుని ఉన్న మనిషి అసహనమే అది.

ఆదెప్ప నోరు తెరిచాడు. పెదాల నుంచి బీడీ రాలి పంచె మీద పడింది. దాన్ని దులుపుకోలేదు. కళ్ళు పైకి, దూలం కిందికి పోయాయి. ఒక్కసారే. తర్వాత గోడకు తన్నిపెట్టిన పాదం నేల మీదికి వచ్చింది. వీపు గోడను వదిలింది. ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు, ఇంకొక అడుగు వేశాడు, గది నడుమ దాకా కూడా ఆగకుండా అవతలి తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు.

గోడ మీద ఆయన వీపు చెమట పెద్ద మరకగా మిగిలి ఉంది, ఎండకు అంచుల నుంచి ఆరిపోతూ.

వాకిట్లోంచి అదంతా చూసిన ఇంజనీరు మూలగదిలోకి నడిచాడు. నిచ్చెన వేయించుకుని ఎక్కాడు. యాంగిలు ముక్కను రెండు వేళ్ళతో పట్టుకుని వంచాడు. పెట్టె మూత వచ్చినట్టు ఊడి వచ్చింది. సిమెంటు పెచ్చు, బోల్టు తలకాయ ఆయన బూటు మీద పడి, నేల మీద దొర్లుకుంటూ పోయి ఆదెప్ప కాళ్ళ దగ్గర ఆగాయి. ఇంజనీరు దిగి వచ్చి, ఆ గదిలోంచి అందరినీ బయటికి పంపించాడు. నీళ్ళకుండలు తీయించాడు. కింద గదిలో ఎవరూ లేరని మనిషిని పంపి చూసి రమ్మన్నాడు.

"ఇప్పుడు తొయ్యండి," అన్నాడు. తర్వాత మారెక్క కేసి తిరిగాడు. "నువ్వు పలుకమ్మా."

మారెక్క పలికింది. ఆ పలుకు కింద కానుగ చెట్ల దాకా వినబడింది. ఐసా అన్నారు. గోడ మూలగలేదు. ఒక్క క్షణం నిటారుగా నిలబడి, తర్వాత తల వంచి, పైనుంచి కిందిదాకా ఒక్క పలకగా అవతలి గదిలోకి పోయింది. ఇల్లంతా అదిరింది. ఎదురు బలం పోయేసరికి దుంగా, దుంగ పట్టుకున్న మనుషులూ సారువ మీద నుంచి ముందుకు పడ్డారు. బసప్ప అందరికంటే ముందు పడ్డాడు. దుమ్ము కమ్మేసింది.

దుమ్ము తగ్గేసరికి మోకాళ్ళు దోక్కుపోయి అతను పడిన గోడ మీద చేతులూ కాళ్ళూ ఆనించి ఉన్నాడు. ఇటుకలు ఇంకా వరస చెడకుండానే ఉన్నాయి, గోడను పడుకోబెట్టినట్టు. మారెక్క పరుగెత్తి పోయి దెబ్బలు తగిలాయేమో చూసింది. పెద్దవేమీ కాదు. మిగతావాళ్ళు లేచి, ఒకరి మోచేతులు ఒకరు చూసుకుంటూ బయటికి పోయారు. ఆదెప్ప మెట్లు దిగిపోతున్న చప్పుడు వినబడింది, వెనకే ఇంజనీరు బూట్ల చప్పుడు. కుళ్ళాయప్ప వాళ్ళ వెనక, పిలవకుండానే పోయాడు.

బసప్ప మాత్రం లేవలేదు. గోడ మీద అట్లాగే గొంతుకూర్చుని, ఇటుకల మీద అరచెయ్యి పెట్టి, దాని తల ఎక్కడి దాకా పోయిందో చూశాడు. గది నడుమ దాటి పోయింది. వెనక్కి తిరిగి, తాను ఎక్కడి నుంచి పడ్డాడో చూశాడు. మళ్ళీ గోడ కేసి చూశాడు. ఏదో బరువైనదాన్ని మెల్లగా ఎత్తుతున్నవాడి మాదిరి ఉన్నాడు.

"వదినా."

"ఊఁ."

"తోసినోళ్ళం మనం. మనం గోడ మీద పడినాం." ఆగాడు. "గోడ మన మీద పడలేదు."

ఎప్పటినుంచో మారెక్క గొంతులో ముల్లు మాదిరి ఉన్న మాట అది. దాన్ని ఆమె కూడా ఇట్లా విడదీసి చూసుకోలేదు.

"ఆనుకున్న మనిషైతే గోడతో పాటు అవతలికి పోవల్ల గదా. గోడ మీద వెల్లకిలా పడల్ల గదా." బసప్ప అరచేత్తో ఇటుకల మీద చరిచాడు. "ఆమె అడుగున ఉండె. నేనే ఇటుకలు తీసి బయటికి లాగితి. నేనే లాగితి వదినా."

ఆమె అతని పక్కన కూర్చుంది.

"ఆ పొద్దు ఆమె యాడుండె?" అని అడిగాడు బసప్ప. చిన్నక్క పోయినప్పటినుంచీ అతను అడగని మాట అది.

"గోడకు ఇంత దూరంలో." మారెక్క చేత్తో గది నడిమి భాగం చూపించింది. "గొంతుకూచోని మాలు కలుపుతాండె. వీపు గాదు, గోడ పక్కకు మొగం పెట్టుకోని ఉండె. పడేది చూసింది. లేచేతలికే..."

బసప్ప తల ఊపాడు. తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు, దుమ్మంతా బురద అయింది. లేచి నిలబడ్డాడు. కుంటుకుంటూ వాకిలి దాటి మెట్ల దగ్గరికి పోయాడు. మారెక్క అతన్ని ఆపలేదు, ఎక్కడికి అని అడగలేదు.

కింద మనుషుల మాటలు కలగాపులగంగా వినబడుతున్నాయి. ఇంజనీరు ఏదో గట్టిగా అంటున్నాడు. ఆదెప్ప ఏవో సర్దిచెబుతున్నాడు, కుళ్ళాయప్ప పేరు రెండు మూడుసార్లు వచ్చింది. తర్వాత ఆ మాటలన్నీ ఆగిపోయాయి. బసప్ప గొంతు వినబడింది. గొణిగే మనిషి గొంతు కాదది.

"మేస్త్రీ, మా ఇంటిది గోడకు ఆనుకుందంటివి. చూసినానంటివి. యాడ నిలబడి చూసినావు?"

ఆదెప్ప చెప్పులు నేల మీద వెనక్కి జరిగిన చప్పుడు వినబడింది.

మారెక్క కొంగు నడుముకు దోపుకుంది. పడిన గోడ అంచు నుంచి ఇటుకలు ఊడదీసి, మాలు గీకి, చెడిపోనివి ఒక పక్కకు పేర్చసాగింది. మళ్ళీ కట్టాలి కదా, ఆడపిల్లలు వస్తారు. కింద బసప్ప మళ్ళీ అడిగాడు. ఈసారి ఒక్కొక్క మాటా విడదీసి అడిగాడు. ఆమె చేతిలో ఇటుక పట్టుకుని, జవాబు కోసం కాదు, ఆ ప్రశ్న ఇంకొకసారి వినడం కోసం చెవి ఒగ్గింది.